'టార్కస్': కీబోర్డు వాయించేవాళ్లు తప్పకుండా వినాల్సిన ఆల్బమ్

మా నల్లగొండలో పెళ్లిళ్లకు, గణేశ్ మండపాల దగ్గర ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే ఆల్బమ్ ఇది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు 1971లో తెచ్చిన 'టార్కస్'. రాక్ అనగానే గిటారే గుర్తొస్తుంది కదా, ఇందులో పెత్తనమంతా కీత్ ఎమర్సన్‌ది. హామండ్ ఆర్గాన్ (కరెంటుతో పనిచేసే ఆర్గాన్), పియానో, మూగ్ సింథసైజర్ (శబ్దాల్ని కరెంటుతోనే పుట్టించే వాయిద్యం) వాయిస్తాడు. గ్రెగ్ లేక్ పాడతాడు, బేస్ వాయిస్తాడు, అక్కడక్కడా గిటార్ పడతాడు. డ్రమ్స్ కార్ల్ పామర్. ముగ్గురే!

రికార్డు మొదటి సైడ్ మొత్తం ఒకటే పాట, ఏడు భాగాలు, 20 నిమిషాల పైనే. మొదటి భాగం 'ఎరప్షన్' దగ్గరే సగం మంది ఆపేస్తారు, ఎందుకంటే తల ఊపుదామంటే లెక్క కుదరదు. నాలుగు లెక్కపెట్టకండి, ఐదు లెక్కపెట్టండి. "తక తకిట, తక తకిట" అనుకుంటూ వినండి, ఖండ చాపు (మన ఐదు లెక్కల తాళం) తెలిసినవాళ్లకైతే రెండు నిమిషాల్లో దారి దొరుకుతుంది. పామర్ వాయించే లయ ఒకటి విని ఎమర్సన్ ఇది మొదలుపెట్టాడంటారు, లేక్‌కు మొదట్లో అసలు నచ్చలేదట. ఎడమ చేయి ఆ ఐదు లెక్కను వదలకుండా పట్టుకుని ఉంటే కుడి చేయి దానిమీద ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, అది వాయించి చూస్తేనే ఎంత కష్టమో తెలుస్తుంది. 'స్టోన్స్ ఆఫ్ ఇయర్స్'లో లేక్ గొంతు తర్వాత వచ్చే ఆర్గాన్ సోలో నాకు ప్రాణం. మనం టోన్ బటన్ నొక్కి వేణువు, వీణ, వయొలిన్ అన్నీ కీబోర్డు మీదే లాగించేస్తాం, తప్పు కాదు, అడిగేది అదే కాబట్టి. ఇక్కడ మాత్రం ఆర్గాన్ ఆర్గాన్‌లాగే అరుస్తుంది, ఇంకో వాయిద్యం వేషం వేయదు. నాకు ఈ ఆల్బమ్ అంత నచ్చడానికి కారణం అదే.

కథ సంగతి అంతగా పట్టించుకోకండి. కవర్ మీద యుద్ధ ట్యాంకు ఒళ్లున్న ఆర్మడిల్లో (ఒంటిమీద గట్టి పెంకుండే జంతువు) బొమ్మ ఉంటుంది, విలియం నీల్ వేశాడు, అదే టార్కస్. అది మాంటికోర్ అనే జంతువుతో పోరాడుతుంది. చివరి భాగం 'ఆక్వాటార్కస్'లో మూగ్ కవాతులాగా నడుస్తుంది, అది కొంచెం సాగదీశారని మా మిత్రుల్లో ఒకరిద్దరు అంటారు. నాకు అలా అనిపించలేదు.

రెండో సైడ్ మీదే అసలు గొడవ. చిన్న చిన్న పాటలు, ఒకదానికి ఒకటి సంబంధం ఉండదు. 'ది ఓన్లీ వే'లో ఎమర్సన్ చర్చి ఆర్గాన్ మీద పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం వాయిస్తాడు. చర్చిలో కీబోర్డు వాయించే మా తమ్ముడొకడికి ఆ వాయింపు విపరీతంగా నచ్చింది, పాటలోని మాటలు మాత్రం నచ్చలేదు, అవి దేవుణ్ణే నిలదీస్తాయి మరి. "అన్నా, ఆర్గాన్ ముక్క వరకే వింటా" అన్నాడు. వాడి మాట న్యాయమే. 'ఎ టైమ్ అండ్ ఎ ప్లేస్' మాత్రం వదలకండి, బరువైన ఆర్గాన్‌తో దుమ్ము దులుపుతుంది. సౌండ్ ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్ మీద సరదాగా చేసిన ఆఖరి పాట లేకున్నా ఆల్బమ్‌కు ఏ నష్టమూ ఉండేది కాదు.

రెండో సైడ్ బలహీనమని మొత్తానికే తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ 20 నిమిషాల కోసమైనా ఈ ఆల్బమ్ కొనొచ్చు. అయితే ఫోన్ స్పీకర్‌లో వినకండి, ఎడమ చేయి వాయించేది, బేసు రెండూ మాయమవుతాయి, మిగిలేది గోల ఒక్కటే. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. 2012లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు పాత రికార్డింగులనే మళ్లీ కలిపి చేసిన కొత్త మిక్స్ కూడా ఉంది, ముందు పాతది విని తర్వాత దానికి వెళ్లండి.