మెమ్‌టెస్ట్86 ప్లస్: ఫార్మాట్ కొట్టించే ముందు ఒక రాత్రి దీన్ని నడపండి

ఆన్ చేయగానే విండోస్ లోగో కింద చుక్కలు కాసేపు తిరిగి ఆగిపోతాయి. ఇలాంటి కంప్యూటర్‌ని షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించేది "ఫార్మాట్ కొట్టాలి" అనే మాటే. తప్పు ర్యామ్‌లో (కంప్యూటర్ మెమరీలో) ఉంటే ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ లేదు. కొత్తగా ఎక్కించే విండోస్ కూడా మధ్యలో ఆగుతుంది, లేదంటే పాడైన ఫైళ్లతో ఎక్కుతుంది. అందుకే ముందు ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 ప్లస్. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి పాత బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐతో నడిచే కొత్త మదర్‌బోర్డుల మీద కూడా నడుస్తోంది.

ఎప్పుడు అనుమానించాలి? ప్రతిసారీ ఒకేచోట ఆగితే డ్రైవర్, డిస్క్, లేదా యూఎస్‌బీకి తగిలించిన పరికరం వైపు చూడాలి. ఒకసారి లోగో దగ్గర, ఇంకోసారి లాగిన్ అయ్యాక, మధ్యలో రోజుకో రకం బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్ మీద అనుమానం బలపడుతుంది. విండోస్ ప్రతిసారీ మెమరీలో ఒకే చోట కూర్చోదు కాబట్టి చెడ్డ బిట్ రోజుకో చోట దెబ్బకొడుతుంది.

వాడకం తేలిక. వేరే కంప్యూటర్‌లో దాని ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. తర్వాత ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8... బోర్డును బట్టి ఏదో ఒక కీతో బూట్ మెనూ తెరిచి పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. బూట్ కాకపోతే బయాస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని ప్రోగ్రామ్‌లను బూట్ కానివ్వని రక్షణ, ఆపాల్సి రావచ్చు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి: డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఈ మార్పు తర్వాత విండోస్ రికవరీ కీ అడగొచ్చు. 48 అంకెల ఆ కీని ముందే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రాసి పెట్టుకోండి.

పరీక్ష దానంతట అదే మొదలవుతుంది. కొన్ని బోర్డుల మీద యూఎస్‌బీ కీబోర్డు పలకదు, అదొక లోపం. ఒక పాస్‌తో (పరీక్షలన్నీ ఒక చుట్టు పూర్తవడం) సరిపెట్టకండి, రాత్రంతా వదిలేయండి. కొన్ని ర్యామ్‌లు వేడెక్కాకే తప్పు చూపిస్తాయి. తప్పు ఒక్కటి వచ్చినా పరీక్ష ఫెయిలైనట్టే. "ఒకటేగా" అని వదిలేయకూడదు.

అలాగని వెంటనే కొత్త ర్యామ్ స్టిక్ కొనొద్దు. బయాస్‌లో ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ నడపండి. తప్పులు పోతే స్టిక్ చెడిపోలేదు, ఆ స్పీడును తట్టుకోలేకపోతోంది. అప్పటికీ తప్పులొస్తే ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, స్టిక్కులు బయటికి తీయండి. బంగారు రంగు పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటుంటే ఆ పొడి స్లాట్‌లో పడకుండా చూడాలి. ఒక్కో స్టిక్‌ని ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. రెండూ అక్కడే ఫెయిలైతే స్లాట్ మార్చి చూడండి, తప్పు బోర్డుదే కావచ్చు. ర్యామ్ బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో ఈ వెసులుబాటు లేదు.

విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ తొందరగా అయిపోతుంది. అది తప్పు చూపిస్తే నమ్మొచ్చు, చూపకపోతే మాత్రం అక్కడితో ఆగకూడదు. దాదాపు ఇదే పేరుతో పాస్‌మార్క్ వారి మెమ్‌టెస్ట్86 కూడా ఉంది. సెక్యూర్ బూట్ ఆపకుండానే నడుస్తుంది కానీ ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లే.

విండోస్ లోగో రాకముందే, కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయే కంప్యూటర్‌కి మాత్రం ఇది పనికిరాదు, పెన్‌డ్రైవ్ దాకా బూట్ రాదు కదా. అప్పుడు యూఎస్‌బీలన్నీ పీకి, డిస్క్ కేబుల్ కూడా తీసి చూడాలి. లోగో దాటితే దోషం తీసేసిన వాటిలోనే ఉంది.

రాత్రంతా నడిచినా తప్పుల లెక్క సున్నాగానే ఉంటే ఇక చూడాల్సింది డిస్క్. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. హార్డ్ డిస్క్ అయితే సీ5 వరుసలో (చదవడం కష్టమవుతున్న సెక్టార్ల లెక్క) రా వ్యాల్యూ సున్నా దాటిందా చూడండి. దాటి ఉంటే రిపేర్ల జోలికి పోకుండా ముందు ఫొటోలు, ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. సీ7 (డేటా కేబుల్ మీద వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.