బుండెస్లీగా టికెట్లు రీసేల్ సైట్లలో కొంటున్నారా? గేటు దగ్గరే ఆపేస్తారు, జాగ్రత్త

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు వాళ్ళకీ, యూరప్ చూడ్డానికి వస్తూ ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ అయినా స్టేడియంలో కూర్చుని చూడాలనుకునే వాళ్ళకీ ఈ మాట గట్టిగా చెప్పాలి. జర్మనీలో అన్నిటికంటే పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్ అయిన బుండెస్లీగా టికెట్ క్లబ్బు సొంత సైటులోనో, క్లబ్బే నడిపే రీసేల్ (ఒకరు కొన్న టికెట్‌ని తిరిగి అమ్మే) పేజీలోనో దొరికితేనే కొనండి. గూగుల్‌లో వెతకగానే అన్నిటికంటే పైన ప్రకటనగా వచ్చే సైట్లలో కొనకండి. నూటికి నూరు శాతం గ్యారంటీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా సరే, కొనకండి.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. యూర్గెన్ క్లోప్ కోచ్‌గా డోర్ట్‌ముండ్ 2011లో, 2012లో వరసగా టైటిల్ గెలిచిన రోజుల నుంచి వాడికి ఆ క్లబ్బంటే ప్రాణం. చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లకి అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచి, టీవీ సౌండ్ తగ్గించుకుని చూసేవాడు. వాడు ఇక్కడ ఉన్న రోజుల్లోనే డోర్ట్‌ముండ్‌లో బేయర్న్ మ్యూనిక్‌తో మ్యాచ్ పడింది. క్లబ్బు సైటులో టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఒక పెద్ద రీసేల్ సైటులో పక్కపక్కన రెండు సీట్లు కనిపించాయి. టికెట్ అసలు ధర 60 యూరోలు కూడా లేదు. ఫీజులన్నీ కలిపి ఒక్కోదానికి 240 యూరోలు కట్టాం.

మ్యాచ్ ముందు రోజు రాత్రి దాకా టికెట్లు రాలేదు. ఆ టెన్షన్ వేరే. చివరికి వచ్చిన టికెట్ల మీద ఎవరో వేరే మనిషి పేరుంది. సైటుకి రాస్తే 'పేరు ఎవరూ చూడరు, నిశ్చింతగా వెళ్ళండి' అని జవాబు. గేటు దగ్గర స్కాన్ చేస్తే ఎర్ర లైటు వెలిగింది. ఇంకోసారి చేశారు, మళ్ళీ ఎరుపే. పక్కన టికెట్ సమస్యలు చూసే కౌంటర్‌కి పంపారు. అక్కడ అప్పటికే మాలాంటి వాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు, అందరూ వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళే. కౌంటర్‌లో ఉన్నావిడ మర్యాదగానే చెప్పింది: ఇవి క్లబ్బు సభ్యుడికి అమ్మిన టికెట్లు, అనుమతి లేని చోట ఎక్కువ ధరకి అమ్మకానికి పెట్టినట్టు తేలింది, అందుకే రద్దు చేశారు. అసలు కొన్న మనిషి ఎవరో మాకు తెలియదు. మేమెవరో ఆయనకీ తెలియదు. నష్టం మాత్రం మాది.

తమ్ముడు ఒక్క మాట అనలేదు. మెడలో పసుపు స్కార్ఫ్ అలాగే ఉంది. లోపల 80 వేల మందికి పైగా జనం. ఒక్క దక్షిణ స్టాండ్‌లోనే దాదాపు 25 వేల మంది నిలబడి పాడే ఆ పసుపు గోడను చూడాలనే వాడు వచ్చింది. మేము తిరిగి సిటీలోకి వచ్చి ఒక పబ్బులో టీవీలో చూశాం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మీకే అర్థమవుతుంది, ఇది అరుదుగా జరిగే ప్రమాదం కాదని. మన ఊళ్ళో సినిమా టికెట్ బ్లాకులో కొన్నా హాలు వాడు చించి లోపలికి పంపిస్తాడు. ఎవరి దగ్గర కొన్నారని అడగడు. ఇక్కడ అలా కుదరదు. ఎక్కువ ధరకి గానీ, అనుమతి లేని సైటులో గానీ అమ్మకూడదని, అమ్మితే టికెట్ చెల్లదని క్లబ్బుల నిబంధనల్లోనే ఉంటుంది. సీరియల్ నంబరు దొరికితే చాలు, కంప్యూటర్‌లో ఆ టికెట్‌ని ఆపేస్తారు. మీ చేతిలో ఉన్నది నకిలీ అయి ఉండక్కర్లేదు. అసలైన టికెట్ కూడా గేటు దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోవచ్చు.

చట్టం సంగతి కూడా ఉంది. 2008లో హాంబుర్గ్ క్లబ్బు హెచ్ఎస్‌వీ ఒక రీసేల్ వ్యాపారం మీద వేసిన కేసులో జర్మనీ ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. తిరిగి అమ్మే ఉద్దేశం దాచిపెట్టి క్లబ్బు దగ్గర టికెట్లు కొనడం తప్పేనని తేల్చింది. కానీ మామూలు జనం దగ్గర కొని అమ్ముకునే దారిని మాత్రం పూర్తిగా మూసెయ్యలేదు. ఆ సందులోంచే ఈ సైట్లు ఇంకా బతుకుతున్నాయి. మేము అమ్మేవాళ్ళం కాదు, కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ కలిపేవాళ్ళం మాత్రమే అంటాయి. ఫీజు తీసుకునేటప్పుడు మాత్రం ఆ మాట గుర్తుండదు.

నాకు మరీ కోపం తెప్పించేది ఇంకొకటి. జర్మనీలో ఫుట్‌బాల్ టికెట్లు ఇంత చవగ్గా ఉండటం ఊరికే వచ్చిన అదృష్టం కాదు. నిలబడి చూసే టికెట్ చాలా క్లబ్బుల్లో ఇప్పటికీ 20 యూరోల చుట్టుపక్కలే దొరుకుతుంది. క్లబ్బులో ఓటింగ్ హక్కు ఎక్కువ భాగం సభ్యుల చేతిలోనే ఉండాలనే 50+1 నియమం ఉంది కాబట్టి, అభిమానులు గట్టిగా నిలబడ్డారు కాబట్టి అది సాధ్యమైంది. 2013లో షాల్కే క్లబ్బు ఒక రీసేల్ సైటుతో ఒప్పందం చేసుకుని, అసలు ధరకి రెట్టింపు దాకా అమ్ముకునే వీలు ఇచ్చింది. అభిమానులు మండిపడ్డారు. ఆ వేసవిలోనే ఒప్పందం రద్దయింది. 2024 మొదట్లో లీగ్ ఆదాయంలో వాటా పెట్టుబడిదారుకి ఇవ్వాలనుకుంటే, అభిమానులు స్టేడియం స్టేడియంలో మైదానం మీదికి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. ఫిబ్రవరిలో లీగ్ ఆ ప్రతిపాదనని వదులుకుంది. ఇన్ని గొడవలు పడి ఇక్కడి జనం కాపాడుకున్న 20 యూరోల టికెట్‌ని ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని 200కి అమ్ముకుంటున్నాడు. మనం కొన్న ప్రతిసారీ వాడికి బలం ఇస్తున్నట్టే.

గేటు దగ్గర ఆపకపోయినా ఇంకా చాలా రకాలుగా దెబ్బ తగలొచ్చు. అన్నిటికంటే ఎక్కువమంది ఇరుక్కునేది తేదీ దగ్గర. సీజన్ షెడ్యూల్ వచ్చినప్పుడు ఏ వారాంతం అన్నది తెలుస్తుంది కానీ, ఏ రోజు, ఏ టైముకి అన్నది చాలా మ్యాచ్‌లకి తర్వాతే ఖరారవుతుంది. శుక్రవారం రాత్రి 8:30కి కావచ్చు, శనివారం మధ్యాహ్నం 3:30కి కావచ్చు, శనివారం సాయంత్రం 6:30కి కావచ్చు, ఆదివారానికీ జరగొచ్చు. గురువారం యూరోపా లీగ్ ఆడిన టీము మామూలుగా ఆదివారమే ఆడుతుంది. రీసేల్ సైటులో మాత్రం నెలల ముందే 'శనివారం' అని వేసేస్తారు. దాన్ని నమ్మి ఫ్లైటు, హోటలు, రైలు బుక్ చేసుకుంటే అంతే. మ్యాచ్ మారినందుకు డబ్బు తిరిగివ్వమని అడిగితే 'తేదీ మారొచ్చని నిబంధనల్లో రాశాం' అంటారు. టికెట్లు అధికారికంగా అమ్మకానికి రాకముందే లిస్టింగ్ కనిపిస్తే, ఆ అమ్మేవాడి దగ్గర అసలు టికెట్ లేదనే అర్థం. మీ డబ్బు తీసుకుని తర్వాత వెతుకుతాడు, దొరకకపోతే చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తాడు.

రాయితీ టికెట్లతో జాగ్రత్త. పిల్లలకి, విద్యార్థులకి, వికలాంగులకి తక్కువ ధరకి ఇచ్చేవి కొని పూర్తి టికెట్లుగా అమ్మేవాళ్ళున్నారు. గేటు దగ్గర ఐడీ కార్డు చూపించమంటారు. ఇంకొకటి, బయటి టీము అభిమానుల కోసం స్టేడియంలో దాదాపు పది శాతం సీట్లు వేరుగా ఉంటాయి. సైటు మ్యాపు సరిగా చూపించకపోతే డోర్ట్‌ముండ్ జెర్సీ వేసుకుని వెళ్ళి బేయర్న్ వాళ్ళ మధ్య తేలుతారు. సెక్యూరిటీ వాళ్ళు జెర్సీ తీసెయ్యమనో, బయటికి వెళ్ళమనో అంటారు. చంటిపిల్లలతో వచ్చిన కుటుంబాలకి ఇది మరీ నరకం.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో అమ్మేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన స్టూడెంట్ గ్రూపుల్లోనే 'రెండు టికెట్లున్నాయి, అర్జెంటుగా అమ్ముతున్నా' అని పోస్టులు వస్తుంటాయి. నిజాయితీగా అమ్మేవాళ్ళూ ఉంటారు. కానీ స్క్రీన్‌షాట్ పంపి డబ్బు అడిగితే నమ్మకండి. ఒకే స్క్రీన్‌షాట్‌ని ఎంతమందికైనా అమ్మొచ్చు, ముందు స్కాన్ చేసినవాడే లోపలికి వెళ్తాడు. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపమంటే అక్కడే ఆపెయ్యండి, దానికి కొనుగోలుదారుడి రక్షణ ఉండదు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే, 2025 అక్టోబర్ నుంచి యూరో దేశాల బ్యాంకులు ఐబ్యాన్ (అకౌంటు నంబరు)తో పేరు సరిపోయిందో లేదో పంపే ముందే చూపిస్తున్నాయి. పేరు సరిపోలేదని వస్తే 'మా అన్నయ్య అకౌంటు' లాంటి కబుర్లు వినకండి.

మరి టికెట్ ఎలా దొరుకుతుంది అంటారా, దారులు ఉన్నాయి, కాస్త ముందుగా చూసుకోవాలి. బేయర్న్ లాంటి క్లబ్బుకి సభ్యులే నాలుగు లక్షలు దాటారు, 75 వేల సీట్లు వాళ్ళకే చాలవు. అందుకే క్లబ్బులో మెంబర్‌షిప్ తీసుకోవడం మొదటి దారి. ఇక్కడే ఉండేవాళ్ళు అభిమాన క్లబ్బు ఏదైనా ఉంటే తప్పకుండా తీసుకోండి, టికెట్ల అమ్మకంలో ముందు అవకాశం వాళ్ళకే. రెండోది, క్లబ్బులే నడిపే రీసేల్ పేజీ, దాన్ని జర్మన్‌లో త్స్వైట్‌మార్క్ట్ అంటారు. బేయర్న్‌కీ డోర్ట్‌ముండ్‌కీ ఉంది. రాలేని సీజన్ టికెట్ వాళ్ళు తమ సీటు అక్కడ పెడతారు, పాత టికెట్‌ని ఆపేసి మీకు కొత్తది ఇస్తారు. మ్యాచ్ దగ్గరపడే కొద్దీ ఎక్కువగా వస్తుంటాయి, ఓపిగ్గా చూస్తూ ఉండాలి.

అన్నిటికంటే నేను మనస్ఫూర్తిగా చెప్పేది, బేయర్న్, డోర్ట్‌ముండ్ మాత్రమే జర్మన్ ఫుట్‌బాల్ అనుకోకండి. బెర్లిన్‌లో ఉంటే అక్కడి క్లబ్బు హెర్తా మ్యాచ్ చూడండి. 2023లో రెండో డివిజన్‌కి దిగిపోయినా ఒలింపిక్ స్టేడియంలో 74 వేల సీట్లు, టికెట్ దొరకడం చాలా తేలిక. హోఫెన్‌హైమ్, ఆగ్స్‌బుర్గ్ లాంటి చోట్ల పెద్ద టీముతో మ్యాచ్ కాకపోతే క్లబ్బు సైటులోనే మామూలు ధరకి దొరుకుతాయి. లెవర్‌కూజెన్ మాత్రం ఇప్పుడు కష్టం. స్టేడియంలో పట్టేదే 30 వేల మంది, పైగా షాబీ అలోన్సో కోచ్‌గా 2023-24లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచాక అందరి చూపూ అటే. డోర్ట్‌ముండ్‌కి వచ్చి పెద్ద మ్యాచ్ టికెట్ దొరకని వాళ్ళు స్టేడియం టూర్ చెయ్యండి. పక్కనే ఉన్న రోటె ఎర్డె అనే పాత మైదానంలో క్లబ్బు రెండో టీము ఆడుతుంది, రైల్వే స్టేషన్ ఎదురుగా జర్మన్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది. తమ్ముణ్ణి మర్నాడు ఆ మ్యూజియంకి తీసుకెళ్ళాను, వాడు సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఇప్పటికే రీసేల్ సైటులో కొనేసినవాళ్ళు ఈ పనులు చెయ్యండి. లిస్టింగ్ పేజీ, రసీదు, వాళ్ళతో నడిచిన మెయిల్స్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, మ్యాచ్ తర్వాత లిస్టింగ్ మాయమైపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుకి ఉండే 14 రోజుల వాపసు హక్కు ఫలానా తేదీకి జరిగే మ్యాచ్ టికెట్లకి వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. మ్యాచ్ రోజు కాస్త ముందుగా వెళ్ళండి. గేటు దగ్గర ఆపితే గొడవ పడకండి, సెక్యూరిటీ వాళ్ళ చేతిలో ఏమీ లేదు. కౌంటర్‌కి వెళ్ళి, ఫలానా టికెట్‌తో లోపలికి రానివ్వలేదని ఒక కాగితం మీద రాయించి, స్టాంపు వేయించుకోండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. మమ్మల్ని గట్టెక్కించింది ఆ ఒక్క కాగితమే. సైటు వాళ్ళు 'పంపిన రోజుకి టికెట్ చెల్లుబాటు అయ్యేదే' అని చేతులెత్తేశారు. కార్డుతో కట్టాం కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేసి, ఆ కాగితం జతచేశాం. డబ్బు వెనక్కి వచ్చింది కానీ నెలలు పట్టింది, అప్పటికి తమ్ముడు ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మోసం అని స్పష్టంగా తెలిస్తే పోలీసులకి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆ నంబరు బ్యాంకుకి కూడా ఇవ్వండి. సలహా కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ వినియోగదారుల కేంద్రం ఉంది, ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలె అని వెతకండి. ఇండియా కార్డుతో కట్టినవాళ్ళు ఆలస్యం చెయ్యకుండా మీ బ్యాంకుకే రాయండి, డిస్ప్యూట్‌కి గడువు ఉంటుంది.