జాగ్రత్త: స్కాలర్‌షిప్ లెటర్‌లో పెద్ద అంకె చూసి న్యూరోసైన్స్‌లో చేర్పించకండి

పాపో బాబో అమెరికాలో న్యూరోసైన్స్ (మెదడు, నరాల గురించిన చదువు) చదువుతానంటున్నారు, ఏడాదికి 70 వేల డాలర్లు కట్టే స్తోమత ఇంట్లో లేదు అనే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. 2024లో మేం కాలేజీ ఎంచుకోవడంలో చేసిన పొరపాటు వల్ల మా అమ్మాయికి ఏడాది పోయింది, మా నెత్తిన 30 వేల డాలర్ల పైన అప్పు పడింది. కాలేజీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి లెటర్లు పంపేది అదొక్కటే కాదు.

ఆ ఏడు ఫాఫ్సా (ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం) మార్చారు కదా, మామూలుగా అక్టోబర్ 1కే తెరిచేది 2023 డిసెంబర్ చివరికి గానీ తెరవలేదు. దాంతో కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో చెప్పే లెటర్లన్నీ ఆలస్యం. మాది వచ్చేసరికి ఏప్రిల్ సగం అయిపోయింది, అప్పటికే అందరం టెన్షన్‌లో ఉన్నాం. పాప దాన్ని ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పైన మొత్తం ఖర్చు 68,400. దాని కింద వరసగా స్కాలర్‌షిప్ 24,000, కాలేజీ గ్రాంట్ 6,000, వర్క్ స్టడీ 2,400, సబ్సిడైజ్డ్ 3,500, అన్‌సబ్సిడైజ్డ్ 2,000, ప్లస్ 30,500. అట్టడుగున ‘మిగిలినది 0’ అని ఉంది. ఆ సున్నా చూసి మా ఆవిడ దేవుడి గదిలో దీపం పెట్టింది.

ప్లస్ అంటే పైన ఇంకొంచెం ఇస్తున్నారనుకున్నాం. కాదు, అది పేరెంట్ ప్లస్ లోన్, అంటే తల్లిదండ్రుల పేరు మీద తీసుకునే అప్పు. సబ్సిడైజ్డ్, అన్‌సబ్సిడైజ్డ్ రెండూ పాప పేరు మీద అప్పులు. వర్క్ స్టడీ అంటే పని దొరికి, చేస్తే వచ్చే జీతం, ముందుగా ఫీజులోంచి తగ్గించేది కాదు. ఇవన్నీ తీసేస్తే కాలేజీ నిజంగా ఇచ్చింది 30,000, మేం కట్టాల్సింది 38,400. అన్ని లైన్లూ ఒకే అక్షరాల్లో, ఒకే కాలమ్‌లో ఉన్నాయి, లోన్ అన్న మాటే ఎక్కడా లేదు. మీ చేతికి లెటర్ రాగానే ముందు పెన్ను తీసుకుని తిరిగి కట్టాల్సినవి, పని చేసి సంపాదించాల్సినవి కొట్టేయండి, ఆ తర్వాతే వేరే కాలేజీ లెటర్‌తో పోల్చండి.

ఇంకో సంగతి. పిల్లల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ పైన ఏడాదికి 7,500, నాలుగేళ్లకీ కలిపి 27,000. అంతకు మించినదంతా మన మీదే పడుతుంది. పేరెంట్ ప్లస్‌కి కూడా 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఏడాదికి 20,000, ఒక బిడ్డకి మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. మాకొచ్చిన లెటరే ఇప్పుడు మీకొస్తే ఆ 30,500లో 10,500 ప్రైవేట్ లోన్ తేవాలి, దానికి కోసైనర్‌గా (హామీదారుగా) సంతకం పెట్టేదీ మనమే.

అసలు దెబ్బ అప్పు దగ్గర కాదు, స్కాలర్‌షిప్ షరతు దగ్గర తగిలింది. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది, ప్రతి ఏడాది జీపీఏ (4కి గ్రేడ్ల సగటు) 3.25 ఉండాలని. హైస్కూల్లో అన్నీ ఏలు తెచ్చుకున్న పిల్లకి అదేమంత అనుకున్నాం. కానీ న్యూరోసైన్స్ మొదటి ఏడాదిలో పిల్లలు ఎక్కువగా చదివేది మెదడు గురించి కాదు, జనరల్ కెమిస్ట్రీ, బయాలజీ, కాల్క్యులస్. ప్రీమెడ్ (తర్వాత డాక్టర్ చదువుకి వెళ్లాలనుకునే) పిల్లలంతా అవే క్లాసుల్లో ఉంటారు, మొదటి టర్మ్‌లో బీలు, సీలు రావడం చాలా మామూలు. రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇంకా కష్టం. ఇలాంటి మేజర్‌కి (ప్రధాన సబ్జెక్ట్‌కి) 3.25 షరతు పెట్టి ఇచ్చే డబ్బుని నాలుగేళ్ల డబ్బుగా లెక్కేయకూడదు.

పైగా పాప పని చేస్తోంది. వర్క్ స్టడీ 2,400 అంటే గంటకి 12 డాలర్ల చొప్పున 200 గంటలు. పుస్తకాలకీ బస్సుకీ చాలక డైనింగ్ హాల్‌లో వారానికి 12 గంటలు తీసుకుంది. రాత్రి పదింటికి గిన్నెలు సర్ది, రూమ్‌కి వెళ్లి ల్యాబ్ రిపోర్ట్ రాసేదట, ఇదంతా మాకు తర్వాత చెప్పింది. తనకి నిద్ర, జ్ఞాపకశక్తి మీద పని చేసే ల్యాబ్‌లో చేరాలని ఆశ. ఆ ప్రొఫెసర్ సరేనన్నారు కూడా, కానీ వారానికి పది గంటలు, జీతం లేకుండా. తన చదువుకి అసలు ప్రాణం ఆ ల్యాబే, మా పిల్ల డబ్బు కోసం దాన్ని వదులుకుని ప్లేట్లు కడిగింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. ఏడాది చివర జీపీఏ 3.19. జూన్‌లో ఈమెయిల్ వచ్చింది, స్కాలర్‌షిప్ రద్దు అని. అప్పీల్ పెట్టాం, కుదరదన్నారు.

అందుకే ల్యాబ్ గురించి చేరకముందే అడగండి. మొదటి రెండేళ్లలో పిల్లల్ని ల్యాబ్‌లోకి తీసుకుంటారా, జీతం ఇస్తారా, క్రెడిట్ ఇస్తారా, ఊరికే చేయించుకుంటారా. క్రెడిట్ అంటే మనం ట్యూషన్ కట్టి పని చేయడం అని మర్చిపోకండి. వర్క్ స్టడీ డబ్బుని ల్యాబ్ పనికి వాడుకోనిచ్చే కాలేజీలున్నాయి, అవసరం ఉన్న పిల్లలకి అది వరం. వేసవిలో ఎన్ఎస్ఎఫ్ (ప్రభుత్వ సైన్స్ సంస్థ) వాళ్ల ఆర్ఈయూ అనే విద్యార్థి పరిశోధన ప్రోగ్రాముల్లో స్టైపెండ్ ఇస్తారు, కానీ సిటిజన్లకీ గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకే.

మేజర్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మా లెటర్‌లో ‘ఇంటెండెడ్ న్యూరోసైన్స్’ అని ఉంది, సీటు వచ్చిందనుకున్నాం. రెండో ఏడాది మళ్లీ అప్లై చేయాలట, కెమిస్ట్రీ గ్రేడ్లు చూసి కొందరినే తీసుకుంటారట. మీ బిడ్డకి నేరుగా మేజర్‌లోనే అడ్మిషన్ వచ్చిందా లేదా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట పట్టుకోకండి.

మేం చేయాల్సిందేమిటో ఇప్పుడు తెలుస్తోంది. 80 వేలు దాటిన ధర చూసి కొన్ని మంచి కాలేజీలకి అసలు అప్లై చేయలేదు. పోమోనా, వెల్‌స్లీ, స్మిత్, ఓబర్లిన్, మకాలెస్టర్ లాంటివి చిన్న కాలేజీలే కానీ న్యూరోసైన్స్ ఉంది, అడ్మిషన్ ఇచ్చిన పిల్లల డబ్బు అవసరాన్ని తమ లెక్క ప్రకారం పూర్తిగా తీరుస్తాం అంటాయి. ఆ సాయం జీపీఏ కొంచెం తగ్గగానే పోయేది కాదు, ఆదాయం మీద ఆధారపడేది. ఎంఐటీ, హార్వర్డ్ అయితే 2025 ఫాల్ నుంచి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి ట్యూషన్ తీసుకోవడం లేదు, ఆస్తులు మరీ ఎక్కువ ఉంటే తప్ప. సీటు రావడం ఎంత కష్టమో తెలుసు, అయినా ధర చూసి ఆగిపోకండి. 2011 నుంచి దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మన మీద పడే ఖర్చుని అంచనా వేసేది) ఉంది, పది నిమిషాల పని. పాప చేరిన ఏడాది తర్వాత కూర్చుని ఒక కాలేజీకి చేసి చూస్తే మా ఆదాయానికి 24 వేలు చూపించింది. మేం కట్టినదాని కంటే 14 వేలు తక్కువ!

అందులో ఒక జాగ్రత్త, మనవాళ్లకి ముఖ్యంగా. ఇండియాలో ఉన్న ప్లాట్, ఫ్లాట్, అన్నీ రాయాల్సిందే. ఫాఫ్సాలో మీరుండే ఇల్లు, రిటైర్‌మెంట్ అకౌంట్లు లెక్కలోకి రావు, కానీ వేరే చోట ఉన్న స్థలాలు వస్తాయి. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడిగే కాలేజీలు కొన్ని ఉండే ఇంటి విలువ కూడా చూస్తాయి. మా ఊరి ప్లాట్ కలిపితే పై 24 వేలు 28 దాటింది. ముందే తెలిస్తే దానికి తగ్గట్టు చూసుకోవచ్చు, దాచిపెట్టి తర్వాత ఇరుక్కోకండి.

హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు, చాలా కాలేజీలు వాళ్లని ఇంటర్నేషనల్‌గానే చూస్తాయి, డబ్బు అడిగితే సీటు అవకాశం తగ్గొచ్చు. ఆమ్‌హర్స్ట్, బోడిన్, డార్ట్‌మత్, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ మాత్రం వాళ్ల విషయంలోనూ డబ్బు అవసరాన్ని చూడకుండా సీటిచ్చి, పూర్తి సాయం చేస్తాయి. ఎర్లీ డెసిషన్ (సీటొస్తే చేరతామని ముందే మాటిచ్చి అప్లై చేయడం) మాత్రం కాలిక్యులేటర్ అంకె మీకు సరిపోతేనే వేయండి. సాయం చాలకపోతే బయటికి రావచ్చు, కానీ పోల్చుకోవడానికి చేతిలో ఇంకో లెటర్ ఉండదు.

మేం టెక్సస్‌లో ఉంటాం. యూటీ ఆస్టిన్, యూటీ డాలస్ రెండింట్లోనూ న్యూరోసైన్స్ మేజర్ ఉంది. 2025 ఫాల్ నుంచి యూటీ సిస్టమ్‌లో లక్ష డాలర్ల వరకు ఆదాయం ఉన్న టెక్సస్ ఇళ్ల పిల్లలకి, అవసరం ఉందని ఫాఫ్సాలో తేలితే, ట్యూషన్, తప్పనిసరి ఫీజులు ఉండవు. మా ఆదాయం దానికి కాస్త పైనే, అయినా స్కాలర్‌షిప్ లేకుండానే ఇక్కడి ఖర్చు ఆ లెటర్ కంటే తక్కువ. పాప ఇప్పుడు రాష్ట్రంలోనే ఒక పబ్లిక్ యూనివర్సిటీకి మారింది. పాత కాలేజీలో చేసిన ఇంట్రో న్యూరోసైన్స్‌ని ఎలెక్టివ్‌గానే (మేజర్ లెక్కలోకి రాని కోర్సుగా) తీసుకున్నారు, మళ్లీ చదవాల్సి వచ్చింది. కానీ వారానికి ఎనిమిది గంటలు ల్యాబ్‌లో పని దొరికింది, జీతంతో.

డిపాజిట్ కట్టే తేదీ చాలా చోట్ల మే 1. ఆలోపు మీ లెటర్‌లో ఏ లైన్ అర్థం కాకపోయినా పేరు, ఐడీ చెరిపేసి ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంత వరకు కూర్చుని చూసి చెప్తాను.