మైకులో చెప్పడమా, రికార్డు చేసి రాసుకోవడమా: విలేకరికి ఏది మేలు?

"రెండు గుంటల భూమి కోసం అన్నదమ్ముల గొడవ" అని ఫోన్‌కు చెప్పాను. తెర మీద "రెండు గంటల భూమి" అని పడింది. నేను చూసుకోకుండా పంపేశాను. పావుగంటకు, వార్తలు దిద్దే డెస్క్ నుంచి ఫోన్. "అన్నా, భూమికి టైమెప్పుడు పెట్టిన్రే?" అని అవతల ఒకటే నవ్వు.

ఎకరానికి నలభై గుంటలు. మా జనగామ వైపు తగాదాలన్నీ గుంటల్లోనే నడుస్తాయి కాబట్టి ఆ మాట నా వార్తల్లో వారానికి నాలుగుసార్లయినా వస్తుంది. కోస్తాలో సెంట్లు లెక్క, అక్కడి విలేకరికి ఈ బాధ ఉండదు. ఆయన బాధలు ఆయనకుంటాయి.

చేతిలో ఫోన్ ఉన్న మండల విలేకరికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, కీబోర్డులో మైకు గుర్తు నొక్కి వార్తంతా నోటితో చెప్పడం. రెండోది, మీటింగయినా మనిషి మాటయినా ముందు రికార్డు చేసుకుని, ఆ ఫైలును తర్వాత అక్షరాల్లోకి మార్చుకోవడం. నేను రెండూ వాడతాను, రెండింటితోనూ దెబ్బతిన్నాను. నాది ఏ కీబోర్డు అన్నది ఇక్కడ అనవసరం.

ముందు మైకు సంగతి. తెలుగులో నోటితో టైపు చేయడం సామాన్యుడి ఫోన్‌లోకి వచ్చింది 2017లో. ఆ ఏడాది ఆగస్టులో గూగుల్ ఒకేసారి ఎనిమిది భారతీయ భాషలను చేర్చింది, వాటిలో మనదీ ఉంది. అంతకు ముందు ఏడాదే స్టాన్‌ఫర్డ్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల వాళ్లూ బైదూ కంపెనీ వాళ్లూ కలిసి ఒక పరీక్ష పెట్టారు. ఫోన్ మీద వేళ్లతో కొట్టడం కంటే నోటితో చెప్పడం దాదాపు మూడు రెట్లు వేగమని తేలింది. అయితే వాళ్లు చూసింది ఇంగ్లీషు, మాండరిన్. తెలుగులో వేళ్లతో కొట్టడమే ఇంకా నిదానం కదా, ఒత్తులు, గుణింతాలు లాంటి చిక్కులు. కాబట్టి మనకు లాభం ఇంకా ఎక్కువే ఉండాలి. కానీ దిద్దుకునే టైము అందులోంచి తీసేయాలి, అక్కడే లెక్క తిరగబడుతుంది.

ఈ మైకులో నాకు బాగా నచ్చింది వేగం కాదు, ఒత్తులు. నేను "బాద" అని పలికినా అది "బాధ" అనే రాస్తుంది. శ, ష, స తేడా నా నోట్లో ఎప్పుడూ లేదు, తెర మీద మాత్రం సరిగ్గా పడుతుంది. పదో తరగతిలో తెలుగు మాస్టారు ఎర్ర పెన్నుతో పడ్డ కష్టమంతా ఇప్పుడు ఫోన్ పడుతోంది.

ఆ మంచితనమే ఇంకోచోట కొంప ముంచుతుంది. రైతు "ఎమ్మార్వో రేపు వస్తనన్నడు, రాలే" అన్నాడనుకోండి, నేను ఆ మాటను అలాగే చెబితే ఫోన్ దాన్ని "వస్తానన్నాడు, రాలేదు" అని పాఠ్యపుస్తకంలోకి మార్చేస్తుంది. మామూలు వార్తకు పరవాలేదు. కోట్ మార్కుల మధ్య పెట్టాల్సిన మాటకు మాత్రం అది తప్పు. ఆ మనిషి అలా అనలేదు. కోట్ మార్కుల్లో పెట్టే మాటలు మాత్రం నేను ఎప్పుడూ వేలితోనే కొడతాను.

ఊళ్ల పేర్లూ అంతే. జనగామ, పాలకుర్తి చక్కగా పడతాయి. తండాల పేర్లు, గూడేల పేర్లు, ఇంటిపేర్లు చెబితే దానికి తెలిసిన దగ్గరి మాట ఏదో ఒకటి పెట్టేస్తుంది. తెలియదని ఒప్పుకోదు. తప్పు కూడా శుభ్రమైన తెలుగు మాటే కావడంతో కన్ను జారిపోతుంది. వేలితో కొట్టినప్పుడు వచ్చే తప్పు వికారంగా ఉంటుంది, వెంటనే కనబడుతుంది. గుంట గంట అయితే ఎవడికి కనబడుతుంది?

ఇంకొకటి, బస్సు. వార్త పంపడానికి నాకు దొరికే టైము ఎక్కువగా బస్సులోనే. ఒకసారి రోడ్డు ప్రమాదం వార్త మెల్లగా చెప్పుకుంటుంటే పక్క సీటు పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఎవలు సచ్చిన్రు బిడ్డా? ఏ ఊరు?" అని అడిగాడు. ఇంట్లోవాళ్లకు కబురు చేరకముందే బస్సంతటికీ చెప్పేవాణ్ని. అప్పటినుంచి చావు వార్తలు, ఆడపిల్లల కేసులు నోటితో చెప్పడం మానేశాను.

ఇక రికార్డు చేయడం. గ్రామసభలో మైకు పెట్టి మాట్లాడే అధికారిది బాగానే వస్తుంది. అసలు వార్త ఉండేది వెనక వరసలో లేచి అరిచే వాళ్ల దగ్గర. నలుగురు ఒకేసారి మాట్లాడితే యంత్రం సరిగ్గా విడదీయలేదు, మన చెవే కష్టపడుతుంది. ఆ ఫైలును అక్షరాల్లోకి మార్చడానికి పనిముట్లు లేకపోలేదు. ఓపెన్‌ఏఐ వాళ్లు 2022 సెప్టెంబరులో ఉచితంగా వదిలిన విస్పర్ ఒకటి. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ బృందం మన భాషల కోసమే తయారుచేసిన మోడళ్లు ఇంకొన్ని. విస్పర్‌ను 6,80,000 గంటల మాటలతో తయారుచేశారు, అందులో ఇంగ్లీషు కాని మాటను అదే భాషలో రాసి ఇచ్చినవన్నీ కలిపితే 1,17,000 గంటలు. వందకు దగ్గరగా ఉన్న భాషలు ఆ ముక్కను పంచుకున్నాయి. అది పనిచేసే పద్ధతి వేరు. కీబోర్డు మైకు మనం మాట్లాడుతుండగానే తేల్చేయాలి. ఇది ముప్పై సెకన్ల ముక్కను ఒకేసారి వింటుంది, ముందూ వెనకా చూసి మాట తేలుస్తుంది. క్రియ చివర్లో వచ్చే మన భాషకు అది మేలే. కానీ నిశ్శబ్దం ఎక్కువగా ఉన్న చోట ఎవరూ అనని వాక్యాన్ని తెచ్చి పెట్టడం దీనికున్న పేరుపడ్డ జబ్బు. వార్త రాసేవాడికి అంతకంటే టెన్షన్ ఏముంటుంది?

అలాగని రికార్డు వద్దని కాదు. రేపు ఎవరైనా "నేను అలా అనలేదు" అంటే చూపించడానికి నా దగ్గర ఉండేది ఆ ఫైలే. కీబోర్డు మైకు మాటను అక్షరం చేసి గొంతును వదిలేస్తుంది.

అందుకే నేను చేసేది ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మీటింగంతా రికార్డు చేస్తాను. ముఖ్యమైన మాట వచ్చినప్పుడు గడియారం చూసి నోట్‌బుక్కులో టైము వేసుకుంటాను, 11.42 అని అంతే. తర్వాత ఒక చెట్టు కింద కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆ చోట్లు మాత్రం విని, నా గొంతుతో మళ్లీ కీబోర్డు మైకుకు చెబుతాను. నా గొంతు ఒక్కటే, చుట్టూ గోల లేదు, వాక్యం నాది. తప్పులు బాగా తగ్గాయి. ఇది నా సొంత తెలివి అనుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. బీబీసీ వంటి చానళ్లలో లైవ్ కార్యక్రమాలకు సబ్‌టైటిళ్లు ఇలాగే వేస్తారని తర్వాత తెలిసింది. ఒకరు విని తిరిగి చెబుతారు, యంత్రం ఆ ఒక్కరి గొంతునే రాస్తుంది.

డెస్కుకు వాయిస్ మెసేజ్ పెట్టేసి చేతులు దులుపుకునే వాళ్లూ ఉన్నారు. చదివితే అర నిమిషం పట్టేదాన్ని మూడు నిమిషాలు వినాలి. అవతలి వాళ్ల తిట్లు ఇక్కడ రాయలేను.

చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్స్ మైకుతో చెప్పకండి. మైకు ఆన్ అయితే చాలావాటిలో శబ్దం నాణ్యత పడిపోతుంది, గాలి హోరు దానికి తోడు. వైరున్న పాత ఇయర్‌ఫోన్ మైకును గడ్డానికి దగ్గరగా పట్టుకుంటే నయం. లేదా ఫోన్‌నే నోటికి జానెడు దూరంలో పెట్టండి.

చేతిలో పట్టే విడి రికార్డరు కొనాలా అని కొత్తగా వచ్చిన తమ్ముళ్లు అడుగుతుంటారు. నాకున్న ఒక్క కారణం కాల్స్. రికార్డింగు మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో అక్కడికి ఆగిపోతుంది, మనం గమనించం. నాకు ఒక ధర్నాలో సగం ప్రసంగం అలా పోయింది. రికార్డరుకు ఎవరూ ఫోన్ చేయరు, బటన్‌ను జేబులో ఉండగానే నొక్కొచ్చు. వారానికి మూడు నాలుగు సభలకు వెళ్లేవాళ్లు కొనుక్కోండి. రికార్డరు సెట్టింగుల్లో స్టీరియో, 44.1 కిలోహెర్ట్జ్ అని ఉండే వేవ్ (WAV) ఫైలు పెడితే గంటకు 635 ఎంబీ తినేస్తుంది. మాటలకు అంత అక్కర్లేదు, మోనో, 16 కిలోహెర్ట్జ్ పెడితే గంటకు 115తో సరిపోతుంది. నెలకో సభకు వెళ్లేవాళ్లకు డబ్బు దండగ. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చేసుకుని, బయటికొచ్చాక తీసేయడం మరిచిపోకండి. డెస్కు వాళ్లు వెతుకుతుంటారు.