వంజంగిలో మబ్బులకు గ్యారంటీ అమ్ముతున్నారు, జాగ్రత్త

లోయ నిండా పరుచుకునే మబ్బుల్ని పైనుంచి ఫొటో తీద్దామని పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్లాం. పాడేరులో మేము దిగిన లాడ్జి పేరు రాయను గానీ, ఫోన్‌లో వాళ్లు చెప్పిన మాట మాత్రం రాస్తాను: "డిసెంబరు కదా సార్, మబ్బులు గ్యారంటీ." 'క్లౌడ్ వ్యూ' గదికి శనివారం రేటు 2,800 రూపాయలు. కిటికీ తెరిస్తే పక్క మేడ మీది నీళ్ల ట్యాంకు, దాని పైపుకి ఆరేసిన లుంగీ. గీజరు పనిచేయదు, బకెట్ వేడినీళ్లకు విడిగా 50. ఇదేమిటని అడిగితే "మబ్బులు మా చేతుల్లో ఉంటాయా సార్?" అన్నాడు అదే మనిషి. ఆ ముక్కేదో అడ్వాన్సు తీసుకునేముందు చెప్పొచ్చుగా!

విశాఖ నుంచి పాడేరు దాకా ప్రయాణం హాయిగానే సాగింది. తెల్లవారుజామున ఆటోకి రానూపోనూ 600 ఇచ్చి కొండ కిందికి చేరి, అక్కణ్ణుంచి చీకట్లో నడిచాం. తీరా పైకెక్కితే మేమే మబ్బులో ఉన్నాం. లెన్స్ తుడిచిన నిమిషానికే మళ్లీ చెమ్మ. "తెల్లగోడ ఫొటో తీయడానికి ఇంతదూరం రావాలా బావా?" అన్నాడు మా బావమరిది. వాడు వచ్చిందే బొంగు చికెన్ కోసం.

మబ్బుల సముద్రం కుదరాలంటే రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి పడిపోవాలి. నేల చల్లబడితే చల్లగాలి లోయలోకి దిగి, అక్కడి తేమ పొగమంచవుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూత మనం నిలబడ్డ చోటుకి కింద ఉంటే ఫొటో, పైన ఉంటే తెల్లగోడ. దీనికి ఎవరైనా గ్యారంటీ ఎలా ఇస్తారు?

లాడ్జి ఖాళీ చేసి, కొండ కింద ఊళ్లో ఒకరింట్లో దిగాం. ఇద్దరికీ పడక, భోజనం కలిపి 900. కెమెరా సర్దుకుంటుంటే ఇంటామె వాకిట్లోంచి పొయ్యి పొగ వంక చూసి, "గాలుంది బాబూ, రేపు నిలవదు, పడుకోండి" అంది. పడుకున్నాం. ఆ పొద్దున వెళ్లొచ్చినవాళ్లు ఉసూరుమంటూ దిగారు. మర్నాడు "ఇవాళ వెళ్లండి" అని ఆమే లేపింది.

ఆవేళ లోయ అంచులదాకా నిండింది. సూర్యుడు పైకి రాగానే చప్పట్లు, సెల్ఫీలు, ఆ వెంటనే అందరూ కిందికి. నన్నడిగితే అసలు పని అప్పుడే మొదలు. వెలుగు ఏటవాలుగా పడి మబ్బు పైన మడతలు తేలతాయి, కొండ కొసలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. నేల వేడెక్కేకొద్దీ మబ్బు లేచి మళ్లీ అంతా మూసేస్తుంది. ఈలోపు దొరికినంతే. ఇక్కడ వైడ్ లెన్స్ దండగ, అన్నీ చీమల్లా పడతాయి. దూరాన్ని దగ్గరికి లాగే 70-200 జూమ్ లెన్స్ తెచ్చుకోండి, సూర్యుడు ఫ్రేములో ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించండి.

బొంగు చికెన్ 350. అరకు దాని కంటే ఇదే నయమని బావమరిది తేల్చేశాడు, అప్పట్నుంచి నా మీద సణుగుడు కూడా ఆగింది.

ఒక్క ఆదివారం చూసుకుని వచ్చేవాళ్లు కెమెరా బరువు మోయకండి, ఫోన్ చాలు. ఫొటో కోసమే అయితే వారం మధ్యలో రండి, తిరుగు టికెట్ మాత్రం ముందే కొనకండి.