ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) ఎయిర్‌బోట్: ప్రొపెల్లర్ నేరుగా మోటారుకా, బెల్టు షాఫ్టుకా? ఏది మేలు?

ఎయిర్‌బోట్ ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది కాబట్టి గుర్రపుడెక్క నిండిన చెరువులోనూ చిక్కుపడదు. నీటి ప్రొపెల్లర్ పడవలకు వాడే ఫ్లెక్స్ కేబుల్ (వంగే షాఫ్టు), గ్రీజు ట్యూబు దీనికి దండగ. మిగిలిన దారులు రెండు: మోటారుని స్టాండు మీద పెట్టి ప్రొపెల్లర్ దానికే బిగించడం, లేదా మోటారుని పడవ అడుగున ఉంచి బెల్టుతో పై షాఫ్టుని తిప్పడం.

60 సెం.మీ. లోపు పడవకైతే మొదటిదే. 2212 సైజు 1000 కేవీ (లోడు లేకుండా వోల్టుకి 1000 ఆర్‌పీఎం) అవుట్‌రన్నర్ (బయటి డబ్బా తిరిగే మోటారు), 3ఎస్ (మూడు సెల్లుల, 11.1 వోల్టుల) బ్యాటరీ, 30 ఆంప్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 8 లేదా 9 అంగుళాల ప్రొపెల్లర్ చాలు. స్లో ఫ్లయర్ (నెమ్మదిగా ఎగిరే విమానాలకు చేసిన ప్రొపెల్లర్) రకం మాత్రం కొనకండి. ఏపీసీ కంపెనీ స్లో ఫ్లయర్లకు గరిష్ఠ వేగం 65,000ని వ్యాసంతో (అంగుళాల్లో) భాగిస్తే వస్తుంది. 9 అంగుళాలకు దాదాపు 7,200 ఆర్‌పీఎం. 1000 కేవీ మోటారు 3ఎస్ మీద లోడు లేకుండా 11,100 తిరుగుతుంది. లోడు పడ్డాక తగ్గినా ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది, రెక్క విరిగితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది నట్టు దగ్గర. మోటారు షాఫ్టు పడవ వెనకవైపుకి ఉంటుంది కాబట్టి మామూలు ప్రొపెల్లర్ పెడితే థ్రాటిల్ ఇచ్చిన ప్రతిసారీ కుడి మర (కుడికి తిప్పితే బిగిసే) నట్టు వదులవుతుంది. 'పి' గుర్తున్న పుషర్ ప్రొపెల్లర్ తీసుకుని, అక్షరాలు పడవ ముందువైపు ఉండేలా బిగిస్తే నట్టు తనంతట తానే బిగుసుకుంటుంది. తిరిగే దిశ తేడాగా ఉంటే మోటారు మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చండి.

బెల్టుతో బరువు కిందికి దిగుతుంది, అది నిజమైన లాభం. పడవ ఒరగదని మాత్రం అనుకోవద్దు. ఒరిగించేది ప్రొపెల్లర్ టార్క్ (తిప్పే బలం). బెల్టుతో వేగాన్ని 2:1 తగ్గించి పెద్ద ప్రొపెల్లర్ పెడితే అది ఇంకా పెరుగుతుంది. తోపు పడే ఎత్తూ మారదు: 10 అంగుళాల దానికి షాఫ్టు డెక్కుకి 14 సెం.మీ. పైనే ఉండాలి, కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు నీళ్లలోకి దిగడమూ తప్పదు. ఒరగడానికైనా, ముక్కు దిగడానికైనా మందు బ్యాటరీని జరపడమే.

బెల్టుకి పని కూడా ఎక్కువ. 5 మి.మీ. స్టీలు షాఫ్టుకి 625 బేరింగులు రెండు, కనీసం 40 మి.మీ. ఎడంగా పెట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్టుని ముందుకు నెడుతుంది కనుక వెనక బేరింగుకి ప్రొపెల్లర్ వైపున కాలర్ (షాఫ్టుకి బిగించే రింగు) ఉండాలి, అది లోపలి రింగుకే ఆనాలి. పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ కింద షాఫ్టుని ఆకురాయితో చదును చేసి, నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయకపోతే జారుతుంది. బెల్టు వదులైతే పళ్లు దాటుతుంది, మరీ లాగితే మోటారు ముందు బేరింగు పోతుంది. అందుకే మోటారు ప్లేటు రంధ్రాలు పొడవుగా కోయండి.

ఫ్లోరిడా ఎయిర్‌బోట్లలో కారు ఇంజన్లకు రిడక్షన్ (వేగం తగ్గించే ఏర్పాటు) పెడతారు, విమాన ఇంజన్లకు నేరుగా బిగిస్తారు. కారు ఇంజను వేగం ఎక్కువ కావడమే కారణం. మన దగ్గర తక్కువ కేవీ అవుట్‌రన్నర్లు దొరుకుతాయి. 1000 కేవీకి 2:1 బెల్టు కట్టేకన్నా 500 కేవీ మోటారు కొనడం తేలిక. చేతిలో వేగమైన ఇన్‌రన్నర్ (లోపలి రోటరు తిరిగే మోటారు) ఉండి, పడవ మీటరు దాటితేనే బెల్టు జోలికి వెళ్లండి.