వట్టివేరు పిలకలు కొంటున్నారా? పిలక అడుగున వేళ్లు పుట్టే మొదలు చూడకుండా డబ్బు కట్టకండి

నీళ్లు తక్కువగా ఉండే తోటలో గట్టు వెంట నాటుదామని వట్టివేరు పిలకలు తెప్పించాను. వచ్చింది వట్టివేరు కాదు. ఎనిమిది నెలల తర్వాత గట్టు సంగతి అటుంచి, పక్కనున్న పూల మడి కూడా పాడైంది. వానలకు ముందు చాలామంది ఈ పిలకలే కొంటారు కాబట్టి రాస్తున్నాను.

వట్టివేరు దుబ్బు కట్టే గడ్డి. పక్కకు పాకదు, నాటిన చోటే ఏటేటా దుబ్బు లావవుతుంది. వేళ్లు నిలువుగా, అనుకూలమైన నేలలో 3 మీటర్ల దాకా దిగుతాయి. ఎండలకు తట్టుకునేదీ, మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచేదీ ఆ వేళ్ల వల్లే. పక్కనే పూల మొక్కలున్నాయి కాబట్టి నాకు ముఖ్యంగా కావలసింది ఆ పాకని గుణం.

ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పెట్టిన ఫోటోలో చక్కటి దుబ్బు ఉంది. 50 పిలకలు ఆర్డర్ చేశాను. ఆకులు జానెడు ఎత్తున కోసి, వేళ్లు రెండంగుళాలకు కత్తిరించి పంపారు. అందులో తప్పేమీ లేదు, వట్టివేరును నాటే ముందు అలాగే కత్తిరిస్తారు. కానీ అలా కోసేశాక అది ఏ గడ్డో పైనుంచి చూస్తే తెలియదు. నేను మోసపోయింది సరిగ్గా అక్కడే. పచ్చగా ఉన్నాయి కదా అని నాటేశాను.

రెండు నెలలకు నాటిన వరసకు అడుగు దూరంలో కొత్త మొలకలు లేచాయి. పిలకలు బాగా వేస్తోందని సంతోషించాను కూడా. తవ్వి చూస్తే లోపల తెల్లగా, కణుపులతో, కొన సూదిలా ఉన్న పాకుడు దుంపలు. తర్వాత పూత వచ్చింది, తెల్లగా దూదిపింజలా. అది దర్భ జాతి గడ్డి. కణుపున్న చిన్న ముక్క నేలలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది. గడ్డపారతో నాలుగుసార్లు తవ్వించాను, ఇంకా వస్తూనే ఉంది.

అమ్మినవాళ్లకు ఫోటోలు పంపితే, వాపసు గడువు 10 రోజులే అన్నారు. 10 రోజుల్లో ఏ గడ్డి తన గుణం బయటపెడుతుంది? ఈ మాట నాకు నష్టం కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

అందుకే పిలక చేతికి రాగానే తిరగేసి మొదలు చూడండి. వట్టివేరుకు ఒక గుత్తి నుంచి సన్నటి పీచు వేళ్లు కిందికే ఉంటాయి, అడ్డంగా సాగే తెల్లటి కణుపుల దుంప ఉండదు. వేరు నలిపి వాసన చూడండి, మట్టివాసనతో కలిసిన ఆ సుగంధం తెలిసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. లేత వేళ్లలో వాసన తక్కువ ఉండొచ్చు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తే అది నిమ్మగడ్డి.

ఇంకో మాట. వట్టివేరు విత్తనాల ప్యాకెట్లు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. తోటల్లో నాటే దక్షిణాది రకానికి మొలకెత్తే విత్తనాలు దాదాపు ఉండవు, దాన్ని పిలకలు విడదీసే పెంచుతారు. అలాగే సువాసన కోసం అమ్మే ఎండు వేళ్లు కొని నాటినా లాభం లేదు. మొదలు లేని వేరు మొలవదు.

నేను రెండోసారి ఒక పెంపకందారు దగ్గరికి వెళ్లి, దుబ్బు తవ్వించి, నా ఎదుటే విడదీయించి తెచ్చుకున్నాను. బాగా ఎండ తగిలే చోట, వాలుకు అడ్డంగా ఒక వరసలో, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటాను. కరువుకు తట్టుకుంటుందని మొదటి రోజు నుంచే నీళ్లు ఆపకండి, వేరు దిగేదాకా మొదటి రెండు మూడు నెలలు తడి ఉండాలి.

ఇప్పటికే నాలా పాకే గడ్డి నాటేసి ఉంటే, ముందు తెల్లటి పూత కనబడగానే కోసేయండి. దాని గింజ గాలికి ఎగిరి పక్కవాళ్ల నేలలో కూడా పడుతుంది. తవ్వి తీసిన దుంపలను ఎరువు గుంటలో వేయకుండా, బాగా ఎండబెట్టి తోట బయట పడేయండి.